ఎగరని కర్టెన్

పొద్దున్నే కిటికీ తీసేసరికి గాలి విసురుగా వచ్చింది. గదిలో కర్టెన్లన్నీ లేచి ఆడాయి, ఒక్కటి తప్ప. మంచం పక్కనున్న ఆకుపచ్చది మాత్రం కదలకుండా నిలబడింది. ఇంకో ఇంట్లో అయితే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ ఇంట్లో మొగుడు, పెళ్ళాం, అత్తగారు ముగ్గురూ కర్టెన్లు కుట్టి బతికినవాళ్ళే. కోడలు చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

తమ కర్టెన్ల షాపులో మిగిలిన ముక్కలు అతికి ఆ కర్టెన్ తనే కుట్టింది. ఖరీదైన కర్టెన్ అయితే నిటారుగా వేలాడాలని కింది మడతలో సీసం బిళ్ళలు పెడతారు. ముక్కల కర్టెన్‌కి బిళ్ళలెవరు పెడతారు? వంగి మడత తడిమింది. లోపల ఏదో గట్టిగా తగిలింది. తను మిషన్ మీద వేసిన కుట్టు ఎవరో విప్పేసి, మళ్ళీ చేత్తో కుట్టారు. సన్నగా, ఎడమవైపుకి వాలిన కుట్టు. అలా కుట్టేది ఇంట్లో ఇద్దరే. అత్తగారు, ఆవిడ దగ్గర సూది పట్టడం నేర్చుకున్న కొడుకు. అత్తగారికి చూపానక సూది వదిలేసి చాలాకాలమైంది. ఇక మిగిలిందెవరు, మొగుడుగారే.

కడుపు మండిపోయింది. ఎందుకు మండదు చెప్పండి. షాపు మునిగింది, అప్పులు తీర్చలేమని కోర్టులో ఐపీ పెట్టారు, సొంత ఇల్లు పోయింది, ఈ మేడమీద అద్దె వాటాలోకి వచ్చి పడ్డారు. అడ్వాన్సుకి డబ్బు లేకపోతే, చనిపోయిన తన తల్లి మెడలోంచి తనకొచ్చిన గొలుసు తీసుకెళ్ళి బంగారం కొట్లో అమ్మేసింది. ఎవరి ముందూ కన్నీరు పెట్టుకోలేదు. 'మా దగ్గర ఇంకేం లేదు' అని మొగుడు కోర్టులో చెప్పిన మాట నమ్మింది కాబట్టే అంత పని చేసింది.

ఇవాళ కోర్టు మనిషి ఇంట్లో సామాను చూడ్డానికి వస్తున్నాడు. దాచిన సొమ్ము బయటపడిందో, పిటిషన్ కొట్టేస్తారని లాయరు పదేపదే చెప్పాడు. అదే జరిగితే అప్పులవాళ్ళు ఈ గుమ్మం ముందుకొస్తారు. ఇల్లుగలావిడ సామాను బయటపెట్టిస్తుంది. ఐపీ పెట్టినవాళ్ళకి ఇంకో ఇల్లెవరిస్తారు? ఆవిడ అసలే అనుమానం మనిషి. షాపు రిపేర్లలో ఉందని అబద్ధమాడి ఇంట్లో దిగారు. అప్పట్నుంచీ మెట్ల దగ్గర కనపడ్డప్పుడల్లా "ఇంకా రిపేర్లేనా?" అని అడుగుతూనే ఉంది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

మొగుడు సగం గడ్డం నురగతోనే వచ్చాడు.

"ఈ మడతలో ఏముంది?"

"ఏముంటుంది, గుడ్డ."

"గుడ్డ ఇంత బరువుంటుందా? చెవిలో పూలు పెట్టకండి."

అతను తడిమి చూశాడు. మొహం పాలిపోయింది. దొరికిపోయాడు కాబట్టే పాలిపోయిందని ఆవిడ ఖాయం చేసుకుంది.

"కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పారు. నేను మెడలో గొలుసు తీస్తుంటే చేతులు కట్టుకుని చూశారు. లోపల్లోపల ఇదా సంగతి?"

"నాకేం తెలీదంటున్నానా."

"మరి ఈ కుట్టెవరిది?"

అతను కుట్టు మీద వేలితో రాసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వే దాచి నా మీదకి నెట్టడం లేదు కదా?"

"నేనా?"

"ఇన్నేళ్ళు పక్కన కూచుని చూశావు, నా కుట్టు నీకు రాదా? గొలుసు అమ్మానన్నావు. అమ్మడం నేను చూశానా?"

ఆ మాట ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. కత్తెర తెచ్చి మడత పరపరా కోసేసింది. దూదిలో చుట్టిన మూట ఒకటి కిందపడింది. విప్పితే అందులో ఒక బంగారు గాజు, ఒక గొలుసు. కోడలి తల్లి గొలుసే. కొక్కెం దగ్గర అతుకుతో సహా అదే.

"అమ్మేశానన్నావు," అన్నాడు మొగుడు.

ఆవిడ గొలుసు తిప్పి తిప్పి చూసింది. అమ్మింది నిజం, ఆ డబ్బు ఇల్లుగలావిడ చేతిలో పోసింది నిజం. మరి ఇది ఇక్కడికెలా వచ్చింది? తన మాట ఇప్పుడు తనకే అబద్ధంలా ఉంది.

"దాన్నేం అనకురా," అంటూ అత్తగారు గోడ పట్టుకుని గదిలోకి వచ్చింది. "కుట్టింది నేను."

"నీకు కళ్ళు కనపడవుగా?"

"కుట్టడానికి కళ్ళెందుకు, వేళ్ళు లేవా?"

కొడుకు గాజు ఎత్తి చూపించాడు. "నీ గాజులు నాన్న ఆస్పత్రి ఖర్చుకి పోయాయన్నావు కదమ్మా."

"పోయాయన్నాను కాబట్టే మిగిలాయి. ఉన్నాయంటే ఆ షాపులో పోసేవాడివి కాదూ?"

"మరి రెండో గాజేదీ?"

అత్తగారు కోడలున్న వైపు మొహం తిప్పింది. "గొలుసు అమ్మొచ్చిన రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చావు. నాకు చూపు లేదు గానీ చెవులున్నాయి కదమ్మా. మర్నాడే రిక్షా ఎక్కి ఆ కొట్టుకే వెళ్ళాను. ఓ గాజిచ్చేసి గొలుసు తెచ్చేసుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే అద్దె కట్టాలని మళ్ళీ అమ్మేస్తావు. కేసు అయ్యాక నీ మెడలో వేద్దామనుకున్నాను. కర్టెన్లు కుట్టేవాళ్ళింట్లో కర్టెన్‌లో దాచాను చూడు, నాదీ బుద్ధితక్కువే."

ఇంతలో మెట్ల మీంచి ఇల్లుగలావిడ గొంతు వినపడింది. "అమ్మాయ్, మీకోసం కోర్టు నించి ఎవరో వచ్చారు. రిపేర్లు చేసేది కోర్టువాళ్ళా?"

కొడుకు గబుక్కున గొలుసు జేబులో వేసుకోబోయాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. దాచింది చాలు." గొలుసు తీసి అత్తగారి మెడలో వేసింది, గాజు కుడిచేతికి తొడిగింది.

కోర్టు మనిషి మంచం, మిషన్, గిన్నెలు అన్నీ చూశాడు. చివరికి చూపు అత్తగారి మెడ మీద ఆగింది. "ఈ గొలుసెవరిది?"

"మా అత్తగారిది," అంది కోడలు. "నేను అమ్మేశాను, ఆవిడ తన గాజిచ్చి కొనుక్కున్నారు. ఇందాకటిదాకా ఈ కర్టెన్‌లో దాచారు, మాకే తెలీదు. బంగారం కొట్టువాణ్ణి అడగండి."

అతను కోసిన మడత వంకా, ముగ్గురి వంకా చూసి కొట్టు ఎక్కడో రాసుకున్నాడు. "ఆవిడ సొంతమైతే మాకు పనిలేదు. కనుక్కుంటాను," అని వెళ్ళిపోయాడు.

ఇల్లుగలావిడ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

"రిపేర్లు అబద్ధమండీ," అంది కోడలు. "ఐపీ పెట్టాం. మీ అద్దె ఒక్క నెల కూడా ఆపలేదు, ఆపం. ఉండమంటే ఉంటాం."

"అబద్ధమని మొదటిరోజే తెలుసు. ఏ అబద్ధమో తెలీకే ఇన్నాళ్ళూ నాకు నిద్రపట్టలేదు," అంది ఆవిడ. "ఒకటో తారీకు దాటితే మాత్రం ఊరుకోను." చెప్పులు టపటపలాడించుకుంటూ దిగిపోయింది. ఉండమన్నట్టే.

మొగుడు కింద కూచుని కోసిన మడత కుట్టడం మొదలుపెట్టాడు. సూదిలో దారం ఎంతకీ ఎక్కలేదు. "నిన్ను అంత మాట అన్నాను," అన్నాడు తలెత్తకుండా.

"ముందు అన్నది నేనే," అంది ఆవిడ.

అత్తగారు తడుముకుంటూ గొలుసు తియ్యబోయింది. "ఇంద, నీ గొలుసు."

"ఉంచుకోండి. అది మీదని ఇప్పుడే చెప్పాను కదా."

అని, రెండో గాజు లేక బోసిగా ఉన్న అత్తగారి ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఈసారి కుళాయి తిప్పలేదు.