మంగళవారం నాటి మైళ్లు

"తాళం పగల్లేదు, తలుపు విరగలేదు. కానీ నా కొడుకు కారుని ఎవడో తిప్పుతున్నాడు మేడమ్!" అన్నాడు స్టాన్లీ నోవిట్స్కీ. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి అతను.

డిటెక్టివ్ లోరెటా గ్రేంజర్ తన సహాయకుడు ఆష్బీని వెంటబెట్టుకుని అతని గ్యారేజీకి వెళ్లింది. టాపు తీసే ఆ నీలం స్పోర్ట్స్ కారంటే కొడుకు డెనిస్‌కు ప్రాణం. కొన్న నాలుగు నెలలకే రక్త క్యాన్సర్ అతన్ని తీసుకుపోయింది. స్టాన్లీ దాన్ని అమ్మకానికి పెట్టాడు; శనివారం కొన్నవాళ్లు వచ్చి కారు తీసుకెళ్తారు. ఈలోగా ప్రతి మంగళవారం స్టాన్లీ మోకాలి వైద్యానికి వెళ్లొచ్చేసరికి మీటరు ముప్పై ఒక్క మైళ్లు పెరుగుతోంది.

లోరెటా కారులోకి వంగి చూసింది. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. వెనక మూలల్లో పైన్ ఆకులు.

"రెండో తాళంచెవి మెకానిక్ రూబెన్ దగ్గరుంది. వాడే!" అన్నాడు స్టాన్లీ.

"మీ ఆవిడ?"

"ఇర్మాకు గేర్ల బండి రాదండీ."

సాయంత్రం లోరెటా స్టాన్లీ, ఇర్మా, రూబెన్ ముగ్గురినీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"రూబెన్ ఆరడుగుల మనిషి. ఆ సీట్లో అతని మోకాళ్లే పట్టవు. పైన్ చెట్ల మధ్య సరస్సు దాకా రానూపోనూ ముప్పై ఒక్క మైళ్లు. టాపు తీస్తేనే ఆకులు లోపల పడతాయి. నడిపింది పొట్టి మనిషి, మీరు ఇంట్లో ఉండని వేళ తెలిసిన మనిషి. గేర్లు నేర్పింది నువ్వే కదా రూబెన్?"

రూబెన్ తల దించుకున్నాడు. "ఆవిడ బతిమాలారు మేడమ్."

ఇర్మా మెల్లగా అంది: "పోయిన సెప్టెంబర్లో వాడు 'రావే అమ్మా, టాపు తీసి సరస్సు దాకా వెళ్లొద్దాం' అన్నాడు. జుట్టు చెదిరిపోతుంది, రేపు చూద్దాంలేరా అన్నాను. మర్నాడే ఆసుపత్రిలో చేరాడు."

"నాతో చెప్పొచ్చు కదా?" అన్నాడు స్టాన్లీ.

"ఎలా చెప్పను? గ్యారేజీ తలుపు చప్పుడైతే చాలు, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడుస్తావు. నాకు వినబడదనుకున్నావా?"

స్టాన్లీ కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "అమ్మకం ఆపేస్తాను ఇర్మా."

"వద్దు. నిన్న నడుపుతూ పక్క సీటు వైపు చూశాను. ఖాళీగా ఉంది. ఇక చాలు."

బయటికొచ్చాక ఆష్బీ ఆరాధనగా అడిగాడు: "సీటు చూడగానే తెలిసిపోయిందా మీకు?"

"తెలియకపోతే బాగుండుననిపించింది," అంది లోరెటా.

శనివారం కారు కొన్న యువతి వచ్చి అందులో ఎక్కింది. భార్యాభర్తలిద్దరూ వాకిట్లో నిలబడ్డారు. ఇర్మా కిటికీలోకి వంగింది.

"రెండో గేరు కాస్త మొరాయిస్తుందమ్మా. తొందరపెట్టకు, అదే పడుతుంది."