అద్దం లేచిన రెప్పపాటు

సంత రోజున అరకు బజార్లో భాస్కర్ స్టూడియో ముందు నిలబడితే మన మాట మనకే వినపడదు. పసుపు బస్తాలు దించేవాళ్ళ కేకలు, జీపుల హారన్లు, గంపల కింద కోళ్ళ అరుపులు. అంత గోలలోనూ సుజానా రెండు కెమెరాలు బల్లమీద పక్కపక్కనే పెట్టుకుని, ఎటూ తేల్చుకోలేక కూర్చుంది.

ఒకటి ఆమెదే. గుప్పెట్లో ఇమిడిపోయే చిన్న కెమెరా. హుకుంపేట చర్చిలో బాప్తిస్మాలు, కొండ ఊళ్ళలో పెళ్ళిళ్ళు, పసిపిల్లల మొదటి పుట్టినరోజులు, అన్నీ దాంతోనే తీసింది. మూలలు అరిగి, వెండిరంగు వెలిసిపోయింది. అరకులో మిగతా ఫొటోగ్రాఫర్లంతా మగవాళ్ళే. దాన్ని చూసి సబ్బుపెట్టె అని నవ్వేవారు.

రెండోది భాస్కర్ అమ్మకానికి పెట్టిన డీఎస్ఎల్ఆర్. నల్లగా, బండగా, ముందుకు పొడుచుకొచ్చిన లెన్సుతో బల్లమీద సగం అదే ఉన్నట్టుంది.

"ఇంకా ఏటి ఆలోసిత్తన్నావమ్మా?" అన్నాడు భాస్కర్. "ఇది మెడలో ఏసుకుంటే సాలు, టూరిస్టులే మేడం మేడం అని ఎంటపడతారు. ఆడపిల్లవి, మొయ్యగలవా లేదా అన్నదొకటే నా అనుమానం."

ఆ చివరి మాట సుజానాకి కారం రాసినట్టు తగిలింది. "అంత మంచిదైతే నువ్వెందుకు అమ్మీత్తన్నావు అన్నా?"

భాస్కర్ లెన్సుకి మూత బిగించాడు. బిగిసిందో లేదో బొటనవేలితో మళ్ళీ నొక్కి చూశాడు. "నాకు కళ్ళు ఆనట్లేదు. నువ్వు అట్టుకెళ్ళి వాడి సూడు. నచ్చితే ఉంచుకో. లేకపోతే తెచ్చిచ్చీ."

ఇంటికొచ్చాక తల్లి మగ్దలేనమ్మ ఆ కెమెరాని రెండు చేతులా ఎత్తి చూసి, వేడి గిన్నె దించినట్టు దించేసింది. "ఇది మోసుకు తిరిగితే మెడ ఇరిగిపోద్దే. నీ సిన్నదానికి ఏటొచ్చిందని?"

"ఇరగనీ. ఆళ్ళు మోసింది నేను మొయ్యలేనా?" అంది సుజానా. అన్నది కానీ, మర్నాటి పనికి సంచీ సర్దుకునేటప్పుడు చిన్న కెమెరాని కూడా అలవాటుగా చొక్కా జేబులో వేసుకుంది.

మర్నాడు విశాఖపట్నం జంట ఒకటి వచ్చింది. వంశీ, ప్రసన్న. మాఘమాసంలో పెళ్ళి. మంచులో కాఫీతోటల మధ్య ఫొటోలు కావాలన్నారు. సూర్యుడు పైకి రాకముందే కారు రోడ్డు మీద ఆపి ముగ్గురూ తోటలోకి దిగారు. సుజానా తన స్కూటీని కారు వెనకే నిలిపింది.

మార్గశిరం మంచు. కొండల్లో చీకటి పోయాక కూడా వెలుగు రాని పొద్దు ఒకటుంటుంది. అంతా తెల్లగానే ఉంటుంది, ఏమీ కనపడదు. సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్ళ దగ్గర నల్లగా మొదలై, మనిషెత్తు దాటేసరికి మంచులో మాయమైపోతున్నాయి. వాటికి అల్లుకున్న మిరియాల తీగల మీంచి నీటిబొట్లు రాలుతున్నాయి. ఎక్కడో కుప్పపోసిన కాఫీ పళ్ళ తొక్కలు పులిసిన వాసన. ఒక్క పిట్ట కూయలేదు.

సుజానా జేబులోంచి చిన్న కెమెరా పైకి తీయగానే వంశీ ముఖం మాడ్చుకున్నాడు. "దీంతోనా తీస్తారు? ఇంతకంటే నా ఫోనే నయం కదండీ!"

"పెద్దది కూడా ఉంది సార్," అంటూ సుజానా డీఎస్ఎల్ఆర్ మెడలో వేసుకుంది. ప్రసన్న మాత్రం చిన్నగా నవ్వి, "మీకు ఏది నచ్చితే దాంతోనే తియ్యండక్కా," అంది. ఎర్ర పట్టుచీర, జడలో సన్నజాజులు. చలికి పెదాలు వణుకుతున్నా నవ్వు చెదరలేదు. వంశీ ఆమె చెయ్యి పట్టుకుని రెండు చెట్ల మధ్య నిలబడ్డాడు.

సుజానా కన్ను వ్యూఫైండర్‌కి ఆనించింది. ఎంత స్పష్టంగా ఉందో! చీర అంచులో జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. వాళ్ళ వెనక, నాలుగు చెట్ల అవతల, బూడిదరంగు దుప్పటి తలమీంచి కప్పుకుని ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు.

తోటలో పనివాడనుకుంది. "ఓ మావా! కొంచెం పక్కకి జరుగు!" అని కేకేసింది.

వంశీ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరండీ?"

సుజానా కెమెరా దించి చూసింది. అక్కడ ఎవరూ లేరు. వెళ్ళిపోయాడు కాబోలనుకుని మళ్ళీ కన్ను ఆనించింది.

ఉన్నాడు.

బటన్ నొక్కింది. ఈ పెద్ద కెమెరాల్లో బటన్ నొక్కగానే లోపలున్న అద్దం టక్కుమని పైకి లేస్తుంది. ఆ రెప్పపాటు కంటిముందు చీకటి. అద్దం మళ్ళీ దిగింది. వెలుగొచ్చింది. దుప్పటి మనిషి ఇప్పుడు రెండు చెట్ల అవతలే ఉన్నాడు. వీపు ఇటే. నడిచిన చప్పుడు లేదు. ఆకు కదల్లేదు.

తీసిన ఫొటో వెనకవైపు తెరమీద చూసుకుంది. అందులో జంట తప్ప మరెవరూ లేరు. కానీ ఫొటోలో ప్రసన్న ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంది. ఎదురుగా నిలబడ్డ ప్రసన్న మాత్రం తిన్నగా ఇటే చూస్తోంది.

సుజానా లెన్సుని చొక్కా అంచుతో తుడిచింది. 'లెన్సులో ఏదో లోపం. మంచు పట్టింది. అంతే,' అనుకుంది. ఇప్పుడు ఆపేస్తే, ఆడపిల్ల పెద్ద కెమెరా పట్టుకుని బెదిరిపోయిందని బజారంతా చెప్పుకుంటారు. పళ్ళ బిగువున మూడోసారి కన్ను ఆనించింది. ఈసారి కిందికి చూసింది.

దుప్పటి అంచు కింద పాదాలు కనిపించాయి. మట్టికొట్టుకున్న పాదాలు. వీపు ఇటు ఉంది... కాలివేళ్ళు కూడా ఇటే ఉన్నాయి.

వేలు దానంతటదే బిగిసింది. టక్... చీకటి... వెలుగు.

ప్రసన్న భుజం వెనకే బూడిదరంగు దుప్పటి. ప్రసన్న ముఖం ఉండాల్సిన చోట జడ. జడలో సన్నజాజులు.

"ప్రసన్న గారూ..." అంది సుజానా. "ఇటు... ఇటు చూడండి."

"చూస్తూనే ఉన్నానక్కా," అంది ప్రసన్న.

ఆ మాట సన్నజాజుల్లోంచి వచ్చింది.

సుజానా కెమెరా కిందికి లాగేసింది. ఉత్త కళ్ళకి ప్రసన్న ఇటే చూస్తోంది. కానీ ఆమె కళ్ళలో భయం మొదలైంది. "అక్కా, నా వెనక ఎవరైనా ఉన్నారా? ఎవరో మెడమీద ఊదుతున్నట్టుంది..."

అప్పుడే మంచు కమ్మేసింది. కొండ పైనుంచి పాలు పొంగినట్టు దిగింది. చెట్లు పోయాయి, జంట పోయింది. తన చెయ్యి తనకే మసకగా కనిపిస్తోంది. ఆ తెలుపులోంచి వంశీ గొంతు వినిపించింది.

"ప్రసన్నా, అటు తిరిగావేంటి? ఏయ్... ఇటు తిరుగు... ఏంటిది? నీ ముఖమేదీ?"

తర్వాత ఒక కేక. ఎవరో కాఫీ మొక్కల్ని విరగ్గొట్టుకుంటూ రోడ్డు వైపు పరిగెత్తిన చప్పుడు. బూట్ల చప్పుడు. అది వంశీదే.

"వంశీ! చెయ్యి వదిలేశావేంటి? వంశీ!" ప్రసన్న ఏడుపు కుడివైపు నుంచి వినిపించింది. మరుక్షణం ఎడమవైపు నుంచి. ఆ తర్వాత నాలుగు దిక్కుల్నుంచీ.

"కదలకు ప్రసన్నా! అక్కడే నిలబడు!" అని అరిచి సుజానా డీఎస్ఎల్ఆర్‌ని కంటికి పెట్టుకుంది. కుడివైపు, దూరంగా, రెండు వీపులు. ఒకటి బూడిదరంగు, ఒకటి ఎర్ర పట్టు. పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

జేబులోంచి చిన్న కెమెరా తీసి ముందుకు చాపింది. అగ్గిపెట్టె పక్కన అగ్గిపెట్టె పెట్టినంత తెర. అందులో మసకమసకగా, గింజలు గింజలుగా, ఎడమవైపు... ప్రసన్న. ఒక్కతే. ఇటు తిరిగి, కాటుక కరిగిపోయి, రెండు చేతులూ గాల్లో తడుముకుంటోంది.

పెద్ద కెమెరా కుడి అంటోంది. చిన్నది ఎడమ అంటోంది. ఒకదాంట్లో జరీ పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. రెండోదాంట్లో ముక్కెక్కడో కళ్ళెక్కడో సరిగ్గా తెలీదు. కానీ ఆ మసకలో ఉన్నది ఏడుస్తున్న మనిషి. సుజానా ఇంక ఆలోచించలేదు. చిన్నదాన్ని కుడిచేత్తో ముందుకు పట్టుకుని, తెరమీంచి చూపు తిప్పకుండా, ఎడంచెయ్యి చాపుకుంటూ ఎడమవైపుకి నడిచింది.

వేళ్ళకి వేళ్ళు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. గట్టిగా పట్టుకుంది.

"అక్కా..."

"నేనే. బేగి నడు. ఎనక్కి సూడకు."

వాలు ఎక్కుతున్నారు. కాళ్ళ కింద తడి ఆకులు జారిపోతున్నాయి. మెడలో వేలాడుతున్న డీఎస్ఎల్ఆర్ ఆమె గుండెల మీద కొట్టుకుంటోంది. ఎవరూ దాన్ని తాకలేదు.

టక్.

అద్దం లేచి దిగింది.

టక్... టక్...

దగ్గరవుతున్నాడు. వీపు మీద చలి తెలుస్తోంది. తడిసిన పాత దుప్పటి వాసన వచ్చింది. పులిసిన తొక్కల వాసనని మింగేసి, ముక్కుల్లోకి దూరిపోయింది. మెడలోని కెమెరా తీసి పారేద్దామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. కాళ్ళు పీకుతున్నాయి. ఇంక ఎక్కలేననుకున్నప్పుడు, భయం అంచుదాకా వెళ్ళి, ఎందుకో తెలీదు, ఒక్కసారిగా కోపంగా మారిపోయింది.

ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న తెలుపుని చూస్తూనే అరిచింది.

"ఏటి? ఏటి కావాల నీకు? తీసుకో, ఎన్ని ఫొటోలు తీసుకుంటావో తీసుకో! ఈ తోటలో నేను పుట్టినకాడినుంచీ తిరుగుతన్నాను. రేపూ వత్తాను. ఎల్లుండీ వత్తాను. ఈ గుంట నాతో వచ్చింది, నాతోనే ఎల్తాది. నువ్వెవడివైతే నాకేటి!"

కొండ అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. నీటిబొట్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

టక్ మనలేదు.

ఎక్కడో కోడి కూసింది. రెండు అడుగులు వేసేసరికి కాళ్ళకింద తారు రోడ్డు తగిలింది. తూర్పు కొండమీద ఎండ పడి ఉంది.

కారు ఇంజను ఆన్ చేసే ఉంది. వంశీ లోపల కూర్చుని అద్దాలన్నీ ఎక్కించుకున్నాడు. ప్రసన్న వెళ్ళి అద్దం మీద కొట్టింది. అతను వేలు పట్టేంత మేర అద్దం దించాడు.

"ముందు... ముందు ఇటు తిరుగు ప్రసన్నా. నీ ముఖం చూపించు."

ప్రసన్న అతని ఎదురుగానే నిలబడి ఉంది. కరిగిన కాటుకతో, గీరుకుపోయిన చెంపతో. అతన్నే సూటిగా చూసింది.

"చూపిస్తూనే ఉన్నాను వంశీ. నువ్వు వదిలేసి పరిగెత్తిన చెయ్యి కూడా ఇదే. వెళ్ళిపో."

"ప్రసన్నా, నేను చెప్పేది..."

"వెళ్ళిపో అన్నాను."

వెనక్కి తిరిగి వచ్చి, సుజానా స్కూటీ మీద కూర్చుంది.

ఆ పూటే సుజానా తిన్నగా భాస్కర్ స్టూడియోకి వెళ్ళి డీఎస్ఎల్ఆర్‌ని బల్లమీద పెట్టింది. భాస్కర్ ఆమె ముఖం చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత దగ్గరికొచ్చాడు?"

సుజానా కెమెరాని అతనివైపు తోసింది. "నీకు తెలుసు."

"నాకు డొంకరాయి డ్యాం కాడ మొదలయ్యాడమ్మా. దూరంగా. తరవాత అడ్డతీగల సంతలో. రెండు చెట్ల దూరం దాకా రానిచ్చి కెమెరా మీంచి కన్ను తీసీసాను. మళ్ళీ పెట్టలేదు. నువ్వు సిన్నపిల్లవి, నీ కళ్ళకి కనపడడేమో అనుకున్నాను..."

"ఎవరాడు?"

"నాకేటి తెలుసు? ముఖం సూత్తే కదా."

ఆ మాట పూర్తయ్యేలోపే సుజానా అరచెయ్యి బల్లమీద ఠపీమని పడింది. "దీన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఇంకెవరికైనా అంటగట్టావని తెలిసిందో, సంతరోజున నడిబజార్లో నిలబెట్టి అడుగుతాను. ఆడపిల్ల మొయ్యలేదన్నావు కదా. నువ్వు మొయ్యలేక నా మెడకేశావు!"

సుజానా తన చిన్న కెమెరాని జేబులో వేసుకుని బయటికొచ్చింది. ఎంపిక అయిపోయింది. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ అనుకుంది.

ఆ రాత్రి ప్రసన్న సుజానా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. సుజానా తాను చూసిందంతా ఆమెకి చెప్పింది. మగ్దలేనమ్మ వేడివేడిగా జావ కాచి పెట్టింది, తలకి నూనె రాసింది. ప్రసన్న ఫోన్లో తండ్రితో గంటసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, "పెళ్ళి లేదు," అంది. జడ ముడి వేసుకుంటూ, "ఫొటో మాత్రం కావాలక్కా. అక్కడే. నేనొక్కదాన్నే. ఆ దుప్పటివాడెవడో నన్ను తిప్పేస్తానంటే ఊరుకుంటానా?" అంది.

"అమ్మా, ఎల్లకండి," అంది మగ్దలేనమ్మ.

"ఎల్తామమ్మా," అంది సుజానా.

వెళ్ళారు. ఎండ బాగా ఎక్కాక వెళ్ళారు. మంచు లేదు. తోటలో ఆడవాళ్ళు కాఫీ పళ్ళు కోసుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. అవే రెండు చెట్ల మధ్య ప్రసన్న నడుం నిటారుగా పెట్టి నిలబడింది. మగ్దలేనమ్మ నేతచీర కట్టుకుంది. నిన్నటికంటే ఇవాళే అందంగా ఉంది.

సుజానా చిన్న కెమెరా ఎత్తింది. తెరమీద ప్రసన్న ఒక్కతే. ముఖం ఇటే. చుట్టూ ఎండ. దుప్పటి లేదు, పాదాలు లేవు. గుండె నిండా గాలి పీల్చుకుంది.

"నవ్వు ప్రసన్నా."

ప్రసన్న నవ్వింది. "నిన్న మీరు లేకపోతే ఆ వాలులో పడిపోయేదాన్నక్కా. నా రెండు చేతులూ పట్టుకుని లాగారు చూడండి, అప్పుడే నాకు ధైర్యం వచ్చింది."

సుజానా వేలు బటన్ మీద ఆగిపోయింది.

నిన్న సుజానా పట్టుకున్నది ప్రసన్న కుడిచెయ్యి ఒక్కటే. తన రెండో చేతిలో కెమెరా ఉంది.

"ఏమైందక్కా?"

"ఏటీ లేదు," అంది సుజానా. "ఎడంచెయ్యి కిందికి దించు."

"దించానుగా," అంది ప్రసన్న నవ్వుతూనే.

తెరమీద ఆమె ఎడంచెయ్యి నడుం పక్కన, గాల్లో కొంచెం ఎత్తుగా ఉంది. వేళ్ళు వదులుగా ముడుచుకుని ఉన్నాయి. ఆ వేళ్ళ మధ్య ఇంకొకరి చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది.

సుజానా కదల్లేదు. కెమెరా దించలేదు. ఆ ఖాళీవైపే చూస్తూ బటన్ నొక్కింది.