తేలే కొండ మీద ఒకే గొడుగు

గవ్వలదీవి రాజ్యానికి వచ్చిన కష్టం ఎవరూ కలలో కూడా ఊహించనిది. పట్టపగలు, నిండు సభలో, కరాళుడనే రాక్షసుడు ఎనిమిదేళ్ళ రాకుమారుడు జయంతుణ్ణి ఎత్తుకుని, ఆకాశంలో తేలుతున్న తన కొండ మీదికి ఎగిరిపోయాడు. రాజు సుషేణుడు సింహాసనంలోనే కూలబడ్డాడు.

"నేను వెళ్ళి తీసుకొస్తాను నాన్నగారూ" అంది జయంతుడి అక్క తరళ.

ఈ తరళ సంగతి మీకు చెప్పాలి. వరదలో ఏరు ఈదడం, లొంగని గుర్రాలెక్కడం ఆమెకు సరదా. అవి చాలవన్నట్టు ఈ మధ్య వాయువ్రతుడనే ముని దగ్గర చేరి, పెద్ద పట్టుగొడుగు వీపున కట్టుకుని శిఖరం మీంచి దూకడం నేర్చుకుంది. మొదటిసారి చూసి రాణిగారు స్పృహ తప్పి పడిపోయింది. నేనైతే ఆ శిఖరాన్ని కిందనుంచి చూడ్డానికే జంకుతాను.

ముని పెట్టిన నియమం ఒక్కటే: ఎవరి గొడుగు వాళ్ళే మడుచుకోవాలి. బుద్ధెరిగి చీరైనా మడవని రాకుమారి, ఆ మడత కోసం నెల్లాళ్ళు ఏడ్చింది.

ముని పెంచిన గండభేరుండపక్షి ఆమెను కొండ మీద దించి, "ఇక్కడి గాలికి నా రెక్కలు మాడిపోతాయమ్మా, మళ్ళీ రాలేను" అని వెళ్ళిపోయింది. తరళ బెంగపడలేదు. తమ్ముణ్ణి గుండెకు కట్టుకుని దూకేద్దామనుకుంది.

ఆమెను చూసి కరాళుడు కదలనైనా లేదు. "తీసుకుపో. కానీ ఇక్కణ్ణించి ఒక్కొక్కరే దూకాలి. ఇద్దరు కలిసి దూకితే ఇద్దరూ రాయైపోతారు" అన్నాడు.

తరళ వీపునున్న గొడుగును తడిమి చూసుకుంది. తెచ్చింది ఒక్క గొడుగే.

మూడు రోజులు తమ్ముడికి మడత నేర్పింది, దూకడం నేర్పింది.

"మరి నువ్వెలా వస్తావక్కా?" అన్నాడు జయంతుడు తాళ్ళు పట్టుకుని.

"ముందు తాళ్ళు చిక్కుపడకుండా చూసుకో."

జయంతుడు కళ్ళు మూసుకుని దూకాడు. గొడుగు విచ్చుకుని పొలాల్లో దిగేదాకా చూసి, తరళ అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

కరాళుడు నిర్ఘాంతపోయాడు. "ఉండిపోవాలని తెలిసే వాణ్ణి పంపావా?"

"తెలిసే పంపాను."

"ఇంకొకరి కోసం ఎవరైనా ఇక్కడ ఉండిపోతే నాకు శాపవిమోచనమని, నన్నిలా రాక్షసుణ్ణి చేసి శపించినవాళ్ళు చెప్పారు. అలాంటివాళ్ళు ఉంటారని నేను నమ్మలేదు తల్లీ."

కాళ్ళ కింద కొండ కదిలింది. మెల్లగా కిందికి దిగసాగింది.

కోట బయట బీడులో కొండ ఆగేసరికి ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. కొమ్ములు రాలిపోయి ముసలి మనిషైన కరాళుడు రాజు కాళ్ళ మీద పడ్డాడు. రాజు అతణ్ణి క్షమించి, తన తరవాత రాజ్యం తరళదేనని అప్పటికప్పుడు చాటించాడు.

జయంతుడు మాత్రం పరుగెత్తుకొచ్చి, అందరూ చూస్తుండగా అక్కను రెండు పిడికిళ్ళతో గుద్దాడు. "నన్నొక్కణ్ణే పంపుతావా? ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అంటూ భోరుమన్నాడు.

తరళకు పట్టాభిషేకం జరిగిన రోజున కూడా వాడు ఆమె కొంగు పట్టుకునే నిలబడ్డాడు. పురోహితులు ఎంత చెప్పినా వదల్లేదు.