స్పిరిట్ వాసన

“తాగొచ్చినోళ్లు గా బల్ల మీద కూసోవాలె! పిల్లలను, ఆడోళ్లను చూసినంకనే మీ వంతు!”

సమ్మక్క అరుపుకు క్యాజువాలిటీలో అందరూ తలతిప్పారు. రజాకార్ల గొడవలు సద్దుమణిగిన మూడేళ్లకు తల్లితో పట్నం చేరి, ఆ నాంపల్లి దవాఖానలో నర్సులకు సాయంగా పనికి కుదిరిన పిల్ల ఆమె. ఆ మాట పడ్డవాడు బాలమల్లు. ఎడమచేతికి చుట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసిపోయింది. ఒంటి నుంచి గుప్పుమని వాసన.

“నేను తాగలేదమ్మా. జర ఇను...”

“అందరు గదే అంటరు!”

అతను వెళ్లి ఆ బల్ల మీద గంటసేపు కూర్చున్నాడు.

చివరికి డాక్టరు తువ్వాలు విప్పి, “పాలిష్ పనా?” అన్నాడు.

“ఔ సాబ్. ఆబిడ్స్‌ల కార్ఖానల కుర్చీలకు స్పిరిట్ పాలిష్ కొడ్త, గదే వాసన. ఉలి జారింది.”

“దీనికి ఎప్పుడో కుట్లు వేయాల్సింది. ఇంతసేపు ఎవరు ఆపారు?”

బాలమల్లు సమ్మక్క వైపు చూశాడు. “ఎవరు ఆపలే, జనం మస్తుగున్నరు సాబ్” అన్నాడు.

సమ్మక్క దూది గిన్నె డాక్టరుకు అందించింది. అతను తిట్టినా బాగుండేది. తలెత్తలేకపోయింది.

కట్టు మార్పించుకోవడానికి అతను వచ్చిన రెండుసార్లూ ఆమె గుడ్డలు ఉడకబెట్టే గదిలో దాక్కుంది. తోటి ఆయా పోశవ్వను పంపింది.

“గా లొల్లి చేసే సమ్మక్క ఏది అని అడుగుతుండే!” అని పోశవ్వ నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయింది.

కుట్లు విప్పాల్సిన రోజు అతను రాలేదు. మర్నాడు సాయంత్రం సమ్మక్క డ్యూటీ దిగి, వానలో తడుస్తూ ఆబిడ్స్ గల్లీలోని కార్ఖానాకు వెళ్లింది. పనివాళ్లు చేతులాపి చూశారు.

“గానాడు అందరి ముందర అన్న. గందుకే అందరి ముందరనే అడుగుతున్న. తప్పయింది, మాఫ్ చెయ్యి.” ఒక అడుగు ముందుకేసింది. “మా నాయిన తాగొచ్చి మా అమ్మను కొట్టేటోడు. గా వాసనొస్తే నాకు ఎదుటి మనిషి కనబడడు.”

ఆమెను చూసి నవ్వబోయిన బాలమల్లు ముఖంలో ఆ నవ్వు పోయింది. స్టూలు తుడిచి ఆమె ముందు పెట్టాడు.

“దవాఖానకు ఎందుకు రాలే?” అందామె.

“నేనొస్తే నువ్వు దాక్కుంటున్నవు. తిప్పలు పెట్టుడెందుకని.”

“పిచ్చోనివా? చీము పడ్తది!”

“గిట్ల తిడ్తేనే మంచిగున్నది.”

పనివాళ్లు పకపక నవ్వారు. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

అతను గొంతు తగ్గించాడు. “సమ్మక్కా, నా పని గిదే. గీ వాసన రోజూ నాతోని ఇంటికొస్తది. నీకు కష్టమైతే అడగ. కష్టం గాదంటే సంబంధం మాట్లాడనీకి మా అమ్మను మీ ఇంటికి పంపుత.”

ఆమె అతని చేతికట్టు వైపు చూసింది.

“పంపు. ముందుగాల దవాఖానకు నడువు.”

అతను గొడుగు విప్పాడు. నాంపల్లి దాకా ఆమె తల వంచుకునే నడిచింది. గొడుగు కింద నుంచి మాత్రం పక్కకు జరగలేదు.