దుర్గాంబ గడపకు అడ్డం కూర్చున్న వేళ

అయ్యో! నోరుండీ మాట పెగలని రోజులు పగవాళ్లకు కూడా వద్దు తల్లీ! ఊర్మిళ నోటి నిండా పుళ్లు... నాలుక మీద, బుగ్గల లోపల, పెదవి వెనక... గుక్కెడు నీళ్లు మింగితే నిప్పులు మింగినట్టే! రొమ్ములోని గడ్డను కరిగించడానికి సూదితో ఎక్కిస్తున్న మందు పోతూ పోతూ నోటినీ కాల్చిపోయింది. డాక్టర్ హిమశ్రీ మన గోదావరి పిల్లే. సూరత్‌లో తెలుగు వినబడితే ప్రాణం లేచొస్తుంది గాని, ఆ రోజు ఆమె మాటకు అత్తాకోడళ్లిద్దరి గుండెలూ జారిపోయాయి.

"పుళ్లు మానకపోతే వచ్చే సోమవారం మందు ఎక్కించలేనమ్మా! గడ్డ తగ్గుతున్న ఈ టైములో వాయిదా మంచిది కాదండి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యండి. ఆ తర్వాత ఈ తెల్లమందు పుళ్లకు పట్టించండి. అరగంట దాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. మందు పుండును అంటుకుని ఉండాలండీ!"

అత్తగారు దుర్గాంబ సంగతి మీకు తెలియదు. సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, సిరిసిల్ల నుంచి వచ్చి, సూరత్ అమ్రోలి పేటలో రెండు గదుల్లో కాపురం పెట్టిన మనిషి. ఆమె ఎండుమిరపకాయలు వేయిస్తే తాపీ నది అవతల బర్రెలు తుమ్ముతాయట! ఆమె కేకేస్తే మిల్లు సైరన్ సిగ్గుపడి ఊరుకుంటుందట! అంతటి మనిషికి ఒక్కటే గొప్ప. "నా గడప ఎవ్వల్నీ మళ్లిపొమ్మనలే!"

ఆ వాడకట్టులో ఓ ఆచారం ఉంది. రోగిని చూడబోయినవాళ్లు జావో, కొబ్బరినీళ్లో తెచ్చి తమ చేత్తో ఓ గుక్క తాగించాలి. తాగితే ఆయుష్షు... కాదంటే తెచ్చిన చేతికి అవమానం! దుర్గాంబ సాయంత్రం దూదిపుల్లతో మందు పూసి అటు వంటింట్లోకి తిరిగేసరికి, డ్యూటీ దిగిన ఆడవాళ్లు ఇటు గిన్నెలతో దిగేవారు. వద్దంటే అత్తమ్మకు మాట వస్తుందని ఊర్మిళ కళ్లు మూసుకుని మింగేది. మంటకు కళ్ల నీళ్లు కారుతుంటే, "ఎంత ప్రేమ పిల్లకు!" అని వాళ్లూ కళ్లు తుడుచుకునేవారు. పుళ్లు మాత్రం మానలేదు!

"గీ మందు ఉత్తదేరా నరహరీ! జర వెన్న రాద్దామా?" అని దుర్గాంబ కొడుకును అడిగింది.

"డాక్టరమ్మ చెప్పిందే చెయ్యే అమ్మా," అన్నాడు నరహరి, భార్య మొహం చూడలేక.

ఆ సాయంత్రం పక్కింటామె కొబ్బరినీళ్లు తాగించి వెళ్లాక దుర్గాంబ గ్లాసు కడగబోయింది. అంచుకు తెల్లగా అంటుకుని ఉంది మందు!

"ఇదేంది బిడ్డా? నేను మందు నీ నోటికి వెట్టిన్నా, గ్లాసుకు వెట్టిన్నా?"

ఊర్మిళ బావురుమంది. "ఎట్ల వద్దనాలె అత్తమ్మా... మీ గడప ఎవ్వల్నీ మళ్లిపొమ్మనలేదు... గా పేరు నాతోని పోవద్దనుకున్న..."

దుర్గాంబ గ్లాసు పక్కన పడేసి కోడలి దగ్గరికొచ్చింది. "పిచ్చిదానా! నీ నోరు కాల్చుకొని నా పేరు నిలవెడుతున్నవా!"

మర్నాడు మందు పూసి, గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. మొదట వచ్చిందెవరనుకున్నారు? సొంత తమ్ముడు లక్ష్మీరాజం! సూరత్‌కు ఆ చివరనున్న ఇచ్ఛాపూర్ నుంచి బస్సులు మారి, టిఫిన్ డబ్బాలో రాగిజావ పట్టుకొచ్చాడు.

"పక్కకు జరుగే అక్కా! కోడలుపిల్లకు జావ తాపాలె."

"ఆగు తమ్మీ. మందు వెట్టిన. అరగంట ఎవ్వలు లోపలికి వోవద్దు."

"నేను ఎవ్వల్నానే? తోడబుట్టినోన్ని! మన ఖాందాన్‌ల గిట్ల ఎన్నడన్న అయ్యిందా?"

లోపల ఊర్మిళ లేవబోయింది. దుర్గాంబ తిరిగి చూడకుండానే గద్దించింది. "పండుకో బిడ్డా! నోరు తెరిచినవో చూడు!" తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "అలుగుతే అలుగురా! నోరు మానకుంటే సూదిమందు ఆగుతది. మందు ఆగితే... నా బిడ్డ బతికినంక జావ తాపుతందుకు వస్తవా, ఏడుస్తందుకు వస్తవా? నువ్వే చెప్పు!"

లక్ష్మీరాజం తువ్వాలు విదిలించి మెట్లు దిగిపోయాడు... మళ్లీ ఎక్కాడు! పై మెట్టు మీద కూర్చున్నాడు. గడువు తీరాక చల్లారిన జావ తన చేత్తోనే తాగించాడు.

అప్పటినుంచి వచ్చినవాళ్లంతా మెట్ల మీదే! ఆ వరుస చూసి గుజరాతీ పక్కింటాయన రేషన్ పంచుతున్నారనుకుని సంచితో వచ్చి నిలబడ్డాడంటే నమ్మండి!

సోమవారం హిమశ్రీ టార్చి వేసి చూసింది. "భలే మానాయండీ! ఇవాళ మందు ఎక్కిద్దాం. ఎవరు చూసుకున్నారమ్మా?"

ఊర్మిళ తడబడకుండా అంది. "మా అత్తమ్మ! నాకోసం తన గడపకు తనే అడ్డం కూసున్నది!"

దుర్గాంబ కొంగు సర్దుకుంది. ఆస్పత్రి పైకప్పు ఇంకాస్త ఎత్తుగా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు, అంత పొంగిపోయింది!

కొన్నాళ్లకు మళ్లీ చిన్న పుళ్లు లేచాయి. దుర్గాంబ మందు పూసి వంటింట్లోకి వెళ్లింది. అంతలోనే కోడలి మీద జాలి ముంచుకొచ్చి మజ్జిగ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. గది గుమ్మంలో పీట... పీట మీద, కోడల్ని చూడటానికి అప్పుడే వచ్చిన లక్ష్మీరాజం!

"మందు వెట్టి ఎంతసేపయిందే అక్కా? నువ్వైనా సరే, ఆగాలె!"

దుర్గాంబ మజ్జిగ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, రాణిలాగా తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది. లోపల ఊర్మిళ పెదవులు విప్పకుండానే నవ్వుకుంది... మందు చెదరకుండా!