రెండో బిస్కెట్

హన్నెకె నా కాఫీ పక్కన రెండు బిస్కెట్లు పెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మా డచ్చి ఊరు లైడెన్‌లో ఎవరింటికెళ్లినా ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూసేస్తారు. కన్నతల్లే నాకు రెండోది ఇవ్వదు. అలాంటిది, ల్యాబ్‌లో పక్క మెషీన్ మీద పనిచేసే అమ్మాయి, సైకిల్ అడ్డంగా పెట్టానని మొన్న మొన్ననే కసిరిన అమ్మాయి, ఊరికే ఇస్తుందా?

"ఏంటి సంగతి?" అన్నాను.

"తినవయ్యా యెల్లె! ప్రతిదానికీ ఆరా!"

సోమవారం నుంచి గురువారం దాకా అదే వరస. అనుమానపడుతూనే తిన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, తింటూ తింటూనే మనసు పారేసుకున్నాను.

సోమవారం పొద్దున పరిచిన నా మంచుకు శుక్రవారం గ్రాఫ్ తీశాను. నక్షత్రాల నడుమ ధూళి మీద పేరుకునే మంచును మేం గాలి తీసేసిన డబ్బాలో తయారుచేస్తాం. అంత చలిలో నీటి అణువు ఎక్కడ పడితే అక్కడే అతుక్కుంటుంది. అందుకే ఆ మంచుకు ఒళ్లంతా చిల్లులు. చిల్లుల్లో కొన్ని అణువులకు ఒక చెయ్యి ఖాళీగా వేలాడుతుంది, దారిన పోయే వాయువును పట్టుకోవడానికి. నా థీసిస్ మొత్తం ఆ చేతుల మీదే. గ్రాఫ్‌లో వాటి గుర్తు రెండు చిన్న శిఖరాలు. రెండూ మాయం! మెషీన్ మీద నా వంతు ఆ రోజుతో సరి.

"ఎవరో దీన్ని వేడిచేసి మళ్లీ చల్లార్చారు. వేడికి మూసుకున్న చిల్లులు చల్లారినా తెరుచుకోవు కదా!" అని అరిచాను.

హన్నెకె ముఖం పాలిపోయింది. "నేనే. సోమవారం నా హీటర్ అనుకుని నీది తిప్పేశాను. కొంచెమే కదా, ఏం కాదులే అనుకున్నా. తర్వాత చెప్పడానికి భయమేసింది."

"మరి బిస్కెట్లు?"

"తప్పు చేశాను కదా..."

మంచు పోయిన బాధకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

వద్దన్నా వినకుండా వచ్చే వారం తన మెషీన్ మీద తన వంతు నాకు ఇచ్చేసింది. కొత్త మంచు పరిచాను. శిఖరాలు రెండూ నిలబడ్డాయి. "చెల్లుకు చెల్లు" అంది.

మర్నాడు బయట వాన. హన్నెకె డబ్బా తెరిచి ఒక బిస్కెట్ పెట్టింది. ఇక మూత పడుతుందని దిగులుగా చూస్తున్నాను. రెండోది కూడా పెట్టింది.

"మళ్లీ ఏం పాడుచేశావ్?" అని లేచాను.

"కూర్చో! నీ మంచు క్షేమం." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈసారి ఏ తప్పూ చెయ్యకుండానే ఇస్తున్నా. ఇంకా అర్థం కాలేదా, అనుమానపు పక్షీ?"

అర్థమైంది. అయినా పరుగున వెళ్లి గ్రాఫ్ చూశాను. శిఖరాలు రెండూ ఉన్నాయి.

తిరిగొచ్చాకే, ఖాళీగా ఉన్న ఆమె చెయ్యి పట్టుకున్నాను.