ఆరు పక్కన గీత

“పెళ్లి ఆపు. ఆపలేకపోతే పిల్లే ఉండకూడదు.”

ఛాన్సలర్ బెర్త్రాన్ వేపిన నెమలి తొడ కొరుకుతూ మిషన్ వివరించాడు. మూతి తుడుచుకుని ఒక కుంచె ముందుకు తోశాడు. పిడి బోలు. లోపల విషం.

“ఆ పిల్లకి పదకొండేళ్లండీ,” అన్నాడు గోసెలిన్.

“రిజిస్టర్‌లో పన్నెండు. ఆ ఏడాది కలిపింది నువ్వేగా?”

గోసెలిన్ కుంచె తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఊరికి అతను చిత్రకారుడు, ఛాన్సలర్‌కి ఏజెంట్. మొంతారెన్ రాకుమారి ఒదిలీకి ఉయ్యాల్లోనే మొదటి నిశ్చితార్థం చేశారు. ఆ వరుడు మశూచితో పోయాడు. రెండోది గోసెలిన్ కొలిచే రాజుగారి తమ్ముడితో. వరుడికి యాభై, వధువుకి ఆరు. ఏడు నిండనిదే నిశ్చితార్థం చెల్లదంది చర్చి. బొమ్మ మూలన సంవత్సరం, వయసు రాయడం చిత్రకారుల ఆనవాయితీ. వార్నిష్ ఆరాక, రోమన్ అంకె ఆరు (VI) పక్కన గోసెలిన్ ఒక్క నిలువు గీత గీశాడు. ఏడైంది. బిషప్ గుమాస్తా బొమ్మ చూసి అదే ఎక్కించుకున్నాడు.

ఇప్పుడా గీత రాజుగారి శత్రువులకి పనికొచ్చింది. పన్నెండు నిండితే పాత నిశ్చితార్థం కాదని వేరే పెళ్లి చేసేయొచ్చు. ఈసారి వరుడు అరవై దాటిన డ్యూక్. ఆయన బదులు పెళ్లి తంతు జరిపించుకోడానికి రాయబారి కౌంట్ రుప్రెఖ్ట్ వచ్చాడు.

మొంతారెన్ కోట మెట్ల మీద రాకుమారి సంరక్షకురాలు సిబిల్లా ఎదురైంది. మనిషి మెరిసిపోతోంది. అత్తరు ఘాటుకి గోసెలిన్ ముక్కు మూసుకున్నాడు.

“ఈ ఏడు ద్రాక్ష పులుపట,” అన్నాడు. కోడ్ అదే.

“తేనె కలిపితే సరి,” అని నవ్వింది.

“ఇంతకీ నువ్వెవరి మనిషివి?”

“పొద్దున మీ మనిషిని. మధ్యాహ్నం విందు వాళ్లది, అప్పుడు వాళ్ల మనిషిని. పిచ్చి వేషాలేశావో, కాపలావాళ్లని పిలుస్తా.”

లోపల ఒదిలీకి పెద్దదాని గౌను తొడిగి, ఖాళీల్లో దూది కుక్కుతున్నారు.

“ఏం గోసెలిన్, ఈసారి నన్నెంత పెద్దదాన్ని చేస్తావు?” అంది పిల్ల. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

అతను సంచి విప్పాడు. బోలు కుంచె తీసి పొయ్యిలో పారేశాడు. సంచిలో ఇక మిగిలింది గుడ్డపేలిక, టర్పెంటైన్ సీసా.

మధ్యాహ్నానికి పడకగది దర్బారు మనుషులతో కిక్కిరిసింది. పిల్లని మంచం మీద పడుకోబెట్టారు. రాయబారి మోకాలిదాకా కాలు బయటపెట్టి దుప్పట్లో ఒకసారి దూర్చితే చాలు, పెళ్లయినట్టే. కౌంట్ మేజోడు విప్పాడు. తెల్లని లావుపాటి కాలు. ముసలి ప్రభువులు మెడలు చాచి చూస్తున్నారు. థూ, వీళ్లూ మనుషులేనా అనుకున్నాడు గోసెలిన్. తనని కూడా కలుపుకునే అనుకున్నాడు.

కాలు దుప్పటికి జానెడు దూరంలో ఉంది.

“ఆగండి!”

“పట్టుకోండి వాణ్ణి!” సిబిల్లా అరిచింది.

గోసెలిన్ అప్పటికే మంచం తలవైపు గోడకున్న, అప్పట్లో తను వేసిన బొమ్మని చేరాడు. సీసా ఒంపి మూల రుద్దాడు. వార్నిష్ కరిగింది, దాంతో పైనున్న గీతా పోయింది, అడుగునున్న ఆరు మిగిలింది.

పెళ్లి పత్రం రాయడానికొచ్చిన నోటరీ ముక్కు ఆనించి చూశాడు. “అప్పటికి ఆరు. అయిదేళ్లయింది...” వేళ్లు మడిచాడు. “పదకొండే!”

“కాలు తియ్యవయ్యా కౌంట్!” అన్నాడు బిషప్. “ఈ పెళ్లి లేదు. ఆ పాత నిశ్చితార్థమూ లేదు. ఆ గీత ఎవడు గీశాడు?”

“నేనే.”

భటులు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఒదిలీ లేచి కూర్చుంది.

“అంటే ఇప్పుడు నేనెవరికీ కానా?”

“ఎవరికీ కారు, రాకుమారీ.”

పిల్ల గౌనులోంచి దూది పీకి కింద పారేయడం మొదలుపెట్టింది.

వారానికి జైలుకి ఛాన్సలర్ చీటీ వచ్చింది: “శత్రువు పెళ్లి ఆగింది, భేష్. వచ్చే ఏడు రాజుగారి తమ్ముడితో మనమే చేద్దాం. విడిపిస్తాను, కొత్త బొమ్మకి సిద్ధంగా ఉండు.”

బొమ్మలు వేయడానికి కళ్లు కనబడటం లేదని, ఇక్కడ వెలుతురు బొత్తిగా లేదని గోసెలిన్ జవాబు రాశాడు. ఆ గది కిటికీ మనిషెత్తు ఉంటుంది, పొద్దంతా ఎండ పడుతుంది.